షిట్జు కుక్కపిల్లకి క్రేట్ (తీగల బోను) అలవాటు చేయడం ఎలా? వారంగా ఏడుస్తూనే ఉంది

జున్ను వాళ్ళిల్లు, నిజాంపేట

అందరికీ నమస్తే. ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది మూడో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. డిసెంబర్ మొదట్లో షిట్జు పిల్లని తెచ్చుకున్నాం. ఆడపిల్ల, పేరు జున్ను. ఇప్పుడు నాలుగు నెలలు నిండాయి, బరువు 3 కిలోలకి కాస్త తక్కువ. వ్యాక్సిన్ల ఆఖరి డోసు పోయిన వారమే అయింది. సంక్రాంతి దాకా మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు కాబట్టి దానికి ఒంటరిగా ఉండడం అనేదే తెలీదు, రోజంతా ఆవిడ కాళ్ళ దగ్గరే. పండక్కి తెనాలి వెళ్ళినావిడ మోకాళ్ళ నొప్పులతో అక్కడే ఉండిపోయారు. జనవరి చివరిదాకా నాకు ఇంటి నుంచే పని కాబట్టి గడిచిపోయింది. ఫిబ్రవరి నుంచి మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకి వెళ్ళాల్సి వస్తోంది, మావారికైతే రోజూ ఆఫీసే. ఆ మూడు రోజులు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఇంట్లో ఎవరూ ఉండరు.

మొదటి రోజు హాల్లో వదిలేసి వెళ్ళాం. వచ్చేసరికి మూడు చోట్ల పాస్ పోసింది, సోఫా కాలు కొరికింది, ఫోన్ ఛార్జర్ వైరు రెండు ముక్కలు చేసింది. స్విచ్ ఆపి ఉండబట్టి సరిపోయింది, ఆ వైరు ముక్క చేతిలో పట్టుకున్నప్పుడు నాకు కాళ్ళు వణికాయి. ఆ రాత్రే క్రేట్ ఆర్డర్ పెట్టాం. ఇనప తీగలది, మడిచి పెట్టుకునే రకం, 36 అంగుళాలది. పెద్దదైతే హాయిగా ఉంటుంది కదా అని.

క్రేట్ వచ్చిన రోజు లోపల బొంత పరిచి, జున్నుని ఎత్తి లోపల పెట్టి తలుపు వేశాం. అప్పుడు మొదలైన ఏడుపు. కుయ్ కుయ్ మనడం కాదండీ, గొంతు చించుకుని అరుస్తుంది, తీగల్ని గోళ్ళతో గీకుతుంది, కింద ట్రే గలగలమంటుంది, ఆ చప్పుడికి ఇంకా భయపడుతుంది. ఇప్పటికి వారం అయింది. మొన్న బుధవారం ఉండబట్టలేక మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. గడ్డం కింద బొచ్చు అంతా చొంగతో తడిసి ముద్దయి ఉంది. ఒక మూల పాస్ పోసుకుని రెండో మూలకి ఒదిగి పడుకుంది. ట్రేలో బియ్యపు గింజంత పన్ను ఒకటి, పక్కన చిన్న రక్తపు చుక్క. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను.

రాత్రిళ్ళు ఇంకా కష్టంగా ఉంది. ఇదివరకు మా మంచం పక్కనే బొంత మీద పడుకునేది. క్రేట్ హాల్లో పెట్టాక రెండింటిదాకా నిద్రపోదు, మమ్మల్ని పోనివ్వదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే ఒకాయన కుక్కల్ని ఉంచకూడదని రూలు పెడదాం అంటున్నారు. అత్తయ్యగారు ఫోన్‌లో ఆ అరుపు విని, పసిబిడ్డని పెట్టెలో పెట్టి గొళ్ళెం వేసినట్టుందమ్మా అన్నారు. ఆ మాట దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

నేను చేస్తున్నది తప్పా? ఏడ్చినా పట్టించుకోకూడదు అంటారు, నిజమేనా? ఆ పన్ను సంగతేంటి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

లాబ్ నాన్న

సిస్టర్, టెన్షన్ పడకండి. మా లాబ్రడార్ కూడా ఐదు రోజులు ఏడ్చింది, మేము అటు చూడలేదు, ఆరో రోజు నుంచి గప్‌చుప్. ఏడ్చినప్పుడు తీశారంటే ఏడిస్తే తీస్తారని నేర్చుకుంటుంది, జీవితాంతం అదే చేస్తుంది. మొక్కై వంగనిది మానై వంగదు. గట్టిగా ఉండండి అంతే.

నాలుగు కుక్కల ఇల్లు, మల్కాజిగిరి

పైన ఆయన చెప్పినట్టు చేయకండి. ఆయన మీద కోపంతో అనడం లేదు, నేనూ మొదటి కుక్కకి అదే చేశాను. 2014లో మా పగ్ పిల్లని వంటింటి పక్క స్టోర్ రూములో పెట్టి తలుపు వేసి, ఏడ్చి ఏడ్చి మానేస్తే అలవాటు పడిందనుకున్నాను. అది బతికిన ఎనిమిదేళ్ళూ ఇంట్లో ఏ గది తలుపు మూసినా వణికేది, గాలికి మూసుకున్నా సరే. అరిచి లాభం లేదని తెలిసి ఊరుకుంది తప్ప భయం పోలేదని చాలా ఆలస్యంగా అర్థమైంది నాకు. తర్వాత పెంచిన మూడింటికీ మెల్లగా నేర్పాను. ఆ మూడూ వాటంతట అవే వెళ్ళి గూట్లో పడుకుంటాయి. కాబట్టి ఇది అయ్యే పనే, ధైర్యంగా ఉండండి.

మీరు క్రేట్ గురించి అడిగారు కానీ నాకు అసలు భయం వేసింది తొమ్మిది నుంచి ఆరున్నర అని చదివినప్పుడు. నాలుగు నెలల పిల్ల అంతసేపు పాస్ ఆపుకోలేదండీ, దాని ఒంట్లో ఆ శక్తే ఉండదు. నెలల వయసుకి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు అని ఒక లెక్క చెప్తుంటారు, అంటే మీదానికి ఐదు, కానీ అది ఎక్కువలో ఎక్కువ. పైగా షిట్జు లాంటి చిన్న జాతులకి మూత్రాశయం కూడా చిన్నదే. నేనైతే ఈ వయసులో పగలు మూడు గంటలు దాటనివ్వను. రాత్రి నిద్రలో ఇంకాస్త ఎక్కువ ఆగుతాయి, అది వేరు. కాబట్టి క్రేట్ ఎంత బాగా అలవాటు చేసినా ఆ మూడు రోజులు మధ్యలో మనిషి రావాల్సిందే. వాచ్‌మన్ వాళ్ళావిడో, పక్క ఫ్లాట్‌లో కాలేజీ పిల్లలో, మీ పనమ్మాయో, ఎవరో ఒకరు పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి వచ్చి ఓ ఇరవై నిమిషాలు ఉండాలి. డబ్బు ఇవ్వండి, ఊరికే అడిగితే పది రోజులు చేసి మానేస్తారు. ఇది కుదరకపోతే మిగతాది ఎంత చెప్పినా వృథా.

పన్ను గురించి. నాలుగు నెలలకి పాల పళ్ళు రాలడం మొదలవుతుంది. ముందు పళ్ళు బియ్యపు గింజల్లాగే ఉంటాయి, చిన్న రక్తపు చుక్క కూడా మామూలే. చాలాసార్లు మింగేస్తాయి, మనకి కనపడవు కూడా. కానీ తీగల్ని గీకుతోంది అంటున్నారు, కొరికి కూడా ఉండొచ్చు కాబట్టి ఒకసారి పెదవి ఎత్తి చూడండి. విరిగి మొన తేలి ఉన్నా, చిగురు వాచినా, గోళ్ళ దగ్గర రక్తం ఉన్నా డాక్టర్‌కి చూపించండి.

క్రేట్ సైజు తప్పయింది. పెద్దదైతే మంచిదని అందరం అనుకుంటాం, నేనూ అనుకున్నాను. కుక్క లోపల తల వంచకుండా నిలబడాలి, చుట్టూ తిరగగలగాలి, కాళ్ళు చాపి పడుకోవాలి, అంతే. తను పడుకునే చోటు పాడుచేయకూడదని కుక్కకి సహజంగా ఉంటుంది, దాని మీదే ఈ నేర్పడమంతా నడుస్తుంది. 36 అంగుళాల క్రేట్ 3 కిలోల పిల్లకి రెండు గదుల ఇల్లు, ఒక మూల బాత్రూమ్, ఒక మూల బెడ్‌రూమ్ చేసేసుకుంది చూశారా. షిట్జుకి పెద్దయ్యాక కూడా 24 అంగుళాలు చాలు. మార్చలేకపోతే డబ్బాలో ఒక తీగల చట్రం విడిగా వచ్చి ఉంటుంది, చాలామంది అదేమిటో తెలీక అటక మీద పడేస్తారు. అది మధ్యలో గోడలా తగిలించేదే, దాంతో చోటు తగ్గించండి. ఇదే లెక్క అటువైపు కూడా గుర్తుంచుకోండి, మరీ ఇరుకైతే అది హింస. కదలడానికి చాలినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువుని ఉంచడం 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం నేరం కూడా.

ఇక నేర్పడం. మొదటి నుంచి మొదలుపెట్టాలి, ఇప్పటిదాకా జరిగింది దాని మనసులోంచి పోవాలి. క్రేట్ ఉన్న చోటు మార్చండి, లోపల బొంత మార్చండి, ట్రే కింద పాత తువ్వాలు మడిచి వేయండి, ఆ గలగల పోతుంది. తలుపు రెండు వారాలపాటు మూయనే కూడదు. ఊరికే తెరిచి వదలకండి, తాడుతో వెనక్కి కట్టేయండి, ఎందుకంటే గాలికి తలుపు కదిలి ఒక్కసారి టక్కుమన్నా మీరు వారం వెనక్కి పోతారు. అన్నం గిన్నె మొదటి రోజు క్రేట్ గుమ్మం బయట పెట్టండి. రెండో రోజు గుమ్మం మీద. తర్వాత రోజుకి జానెడు చొప్పున లోపలికి. అది ఆగిపోయి మిమ్మల్ని చూసిందంటే జానెడు ఎక్కువైందని అర్థం, మళ్ళీ వెనక్కి జరపండి. మధ్యమధ్యలో మీరు అటు ఇటు నడుస్తూ బఠానీ గింజంత ఉడకబెట్టిన చికెన్ ముక్క లోపలికి వేసి చూడనట్టు వెళ్ళిపోండి. ఉప్పు, మసాలా, ఉల్లిపాయ తగలనివి. కిస్‌మిస్‌లు, చాక్లెట్ మాత్రం అస్సలు వద్దు, కుక్కలకి అవి విషం.

మేము ఒక మాట అలవాటు చేశాం, "గూట్లోకి" అని. లోపలికి అడుగు పెట్టే సెకనులో ఆ మాట అనాలి, ఒకే గొంతుతో. తిట్టడానికి ఆ మాట ఎప్పుడూ వాడకూడదు, తప్పు చేసినప్పుడు గూట్లో పెట్టడం అసలు చేయకూడదు. ఇంట్లో అందరికీ చెప్పండి ఇది.

అది తోకూపుకుంటూ లోపలికి పోయి తినడం మొదలయ్యాక, తింటున్నప్పుడు తలుపు దగ్గరికి వేయండి, గడియ వద్దు. గిన్నె ఖాళీ అయ్యేలోపే తీసేయండి. తర్వాత ఐదు సెకన్లు, పది, అర నిమిషం, ఇలా. రోజూ పెంచుకుంటూ పోకండి, ఒకసారి రెండు నిమిషాలు చేస్తే తర్వాతిసారి ఇరవై సెకన్లు చేయండి, అప్పుడు దానికి తలుపు అంటే మళ్ళీ తెరుచుకునేదే అని నమ్మకం కుదురుతుంది. పది నిమిషాలు మీ కళ్ళముందు పడుకోగలిగితే పక్క గదిలోకి వెళ్ళండి, తర్వాత తాళం చెవులు తీసుకుని లిఫ్ట్ దాకా వెళ్ళి రండి. చెప్పులు వేసుకుని మళ్ళీ విప్పేసి కూర్చోండి కూడా, చెప్పులు వేసుకోవడమే దానికి గుబులు పుట్టిస్తుంది. కాంగ్ లాంటి బోలు రబ్బరు బొమ్మలో గట్టి పెరుగు నింపి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, మీరు బయటికి వెళ్ళేటప్పుడు మాత్రమే ఇవ్వండి. పళ్ళు రాలే వయసు కదా, ఆ చల్లదనం చిగుళ్ళకి హాయిగా ఉంటుంది. అలాంటివి మొదట కొన్నిసార్లు మీ ముందు ఇచ్చి, ముక్కలు కొరికి మింగడం లేదని చూసుకోండి. మెడ బెల్టు, గజ్జెలు ఉంటే లోపల ఉన్నప్పుడు తప్పకుండా తీసేయాలి, తీగకి తగులుకుంటే ఊపిరాడదు.

ఏడుపు సంగతి. ఏడ్చే దాకా తీసుకుపోవడమే తప్పు, అంటే మీరు పెట్టిన టైము దాని శక్తికి మించిపోయింది. కొద్దిగా మూలిగి సర్దుకుంటే వదిలేయండి. రాత్రి పడుకుని లేచి మూలిగితే అది చాలాసార్లు పాస్ కోసమే. లైటు వేయకుండా, మాట్లాడకుండా, బాల్కనీలోకి తీసుకెళ్ళి, పని కాగానే మళ్ళీ తెచ్చి పడుకోబెట్టండి. ఆట ఉండకూడదు. చొంగ కారేలా, గోళ్ళు విరిగేలా కొట్టుకుంటోందంటే అది మొండితనం కాదు, పానిక్. అలాంటప్పుడు వెంటనే బయటికి తీయాలి, ఎవరేమన్నా సరే.

రాత్రిళ్ళు క్రేట్ హాల్లో ఎందుకండీ, మీ మంచం పక్కనే పెట్టండి. చెయ్యి వేలాడేస్తే దానికి వాసన తగలాలి. నెల పోయాక రోజుకి రెండడుగులు జరుపుకుంటూ కావాలంటే హాల్లోకి తీసుకెళ్ళండి, అక్కర్లేకపోతే అక్కడే ఉంచండి.

ఇల్లు తుడిచేటప్పుడు ఫినాయిల్ వాడకండి. మనకి వాసన పోతుంది కానీ దానికి పోదు, మళ్ళీ అక్కడే పోస్తుంది, పైగా పాదాలకి అంటి నాకితే ప్రమాదం. కుక్కల మూత్రానికని ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతాయి.

గ్రూపులో ఆ పెద్దాయనకి మర్యాదగానే చెప్పండి, 2015లో జంతు సంక్షేమ బోర్డు ఇచ్చిన మార్గదర్శకాల్లో మెజారిటీ ఓటుతో కూడా అపార్ట్‌మెంట్ సంఘం పెంపుడు కుక్కల్ని నిషేధించలేదని ఉంది. కాకపోతే రెండింటిదాకా అరుపులంటే వాళ్ళకీ కష్టమే. పక్కింటివాళ్ళకి స్వయంగా వెళ్ళి, నేర్పిస్తున్నాం, నెల రోజులు ఓర్చుకోండి అని చెప్పండి. మనిషి మొహం చూశాక చాలామంది మెత్తబడతారు.

జున్ను వాళ్ళిల్లు, నిజాంపేట

మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదండీ. రెండుసార్లు చదివి మావారికి కూడా చదివి వినిపించాను. ఆ తీగల చట్రం నిజంగానే అటక మీద ఉంది! పెదవి ఎత్తి చూశాను, ముందు కింది వరసలో ఒక ఖాళీ, దాని కిందే తెల్లగా కొత్త పన్ను మొన కనిపిస్తోంది. గోళ్ళు బాగానే ఉన్నాయి.

వాచ్‌మన్ వాళ్ళావిడని అడిగాను, వాళ్ళ ఊళ్ళో కుక్కలు అలవాటేనట, చేస్తానంది. కానీ మీరు చెప్పిన లెక్కన తలుపు వేయడానికే రెండు వారాలు పడుతుంది. ఈ రెండు వారాలు నేను ఆఫీసులో ఉన్నప్పుడు దాన్ని ఎక్కడ ఉంచను? హాల్లో వదిలితే వైర్లు, క్రేట్‌లో పెడితే మళ్ళీ మొదటికి.

ఏలూరు నుంచి గోథెన్‌బర్గ్

మీ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది, ఎందుకంటే ఇక్కడ స్వీడన్‌లో అందరూ చేసేది అదే. ఇంట్లో కుక్కని బోనులో మూసి ఉంచడానికి ఇక్కడ చట్టం ఒప్పుకోదు. ప్రయాణం, కుక్కల పోటీలు లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. తలుపు తీసి ఉంటే అభ్యంతరం లేదు, కుక్క తనకి నచ్చినప్పుడు వెళ్ళి పడుకుంటుంది. పగటిపూట కనీసం ఆరు గంటలకోసారి బయట తిప్పాలని ఇక్కడి అధికారులు చెప్తారు. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే ఇళ్ళలో పిల్లల్ని క్రెష్‌లో దింపినట్టే కుక్కల్ని హుండ్‌డాగిస్‌లో దింపి వెళ్తారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు వింతగా అనిపించింది, ఇప్పుడు మా ఇంటి డాక్స్‌హుండ్ కూడా వారంలో రెండు రోజులు అక్కడే.

మీరు చేయాల్సింది ఒక చిన్న గదినో, గదిలో ఒక భాగాన్నో ఖాళీ చేయడం. పిల్లలకి వంటింటి గుమ్మానికి పెట్టే అడ్డు గేటు ఉంటుంది కదా, అదైనా పెట్టొచ్చు, లేదా మడతల తీగల కంచె, ప్లే పెన్ అని అమ్ముతారు, అదైనా. ఆ చోట నేల మీద వైరు, చీపురు, చెప్పు, మందుల డబ్బా ఏదీ ఉండకూడదు. మీరు నేల మీద పడుకుని దాని కళ్ళ ఎత్తు నుంచి ఒకసారి చుట్టూ చూడండి, మనకి నిలబడితే కనపడనివి చాలా కనపడతాయి. ఒక మూల క్రేట్ తలుపు తెరిచి కట్టేసి, ఇంకో మూల పాస్ ప్యాడ్, నీళ్ళు. మల్కాజిగిరి వారు చెప్పిన పాఠం సాయంత్రాలు, సెలవు రోజుల్లో విడిగా నడుస్తుంది, పగలు ఈ చోటు దాన్ని కాపాడుతుంది. రెండూ కలపకండి.

ఒక విషయంలో మాత్రం నాకు వేరే అభిప్రాయం ఉంది. కుక్కకి గుహలో ఉండడం సహజం, అందుకే క్రేట్ ఇష్టం అని చాలామంది అంటుంటారు. తోడేళ్ళు బొరియ వాడేది పిల్లలు పెట్టి పెంచే కొన్ని వారాలే, ఆ బొరియకి తలుపూ గడియా ఉండవు. కుక్క మూల చూసుకుని పడుకోవడానికి ఇష్టపడుతుంది, నిజమే. దాన్ని పట్టుకుని ఎనిమిది గంటలు మూసేయొచ్చని అనుకోవద్దు. జున్నుకి పెద్దయ్యాక కూడా క్రేట్ తలుపు మూయాల్సిన అవసరం రాకుండా చూసుకోగలిగితే నాకు చాలా సంతోషం.

నాలుగు కుక్కల ఇల్లు, మల్కాజిగిరి

గోథెన్‌బర్గ్ వారు చెప్పిన కంచె మంచి మాట, నేను రాయడం మర్చిపోయాను. తలుపు మూసే అవసరమే వద్దంటే మాత్రం నేను ఒప్పుకోలేను. మన దగ్గర ఆపరేషన్ అయితే డాక్టర్ దగ్గర బోనులోనే ఉంచుతారు, దీపావళికి బాంబులు పేలుతుంటే బాల్కనీ వైపు పరిగెత్తే కుక్కలుంటాయి. మూసిన తలుపు వెనక ప్రశాంతంగా పడుకోవడం తెలిసిన కుక్కకి ఆ రోజుల్లో సగం కష్టం తగ్గుతుంది. నేర్పండి, ఎక్కువసేపు వాడకండి.

బెజవాడ ఎండ

ఎవరూ ఎండ గురించి రాయలేదు, అందుకే రాస్తున్నాను. షిట్జు, పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి వేడి అస్సలు పడదు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఎగశ్వాస తీసుకుంటేనే ఒళ్ళు చల్లబడేది, ముక్కు పొట్టిదైతే ఆ పని సరిగ్గా జరగదు. ఫిబ్రవరి కాబట్టి ఇప్పుడు తెలీదు, ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లోనూ 40 దాటుతుంది, మా దగ్గరైతే చెప్పక్కర్లేదు. పోయిన వేసవిలో మధ్యాహ్నం కరెంటు పోయి, మా షిట్జు క్రేట్‌లో ఉంది, పైన చీకటిగా ఉంటే నిద్రపోతుందని దుప్పటి కప్పి ఉంచాం. నేను బ్యాంకు పని చూసుకుని నలభై నిమిషాల్లో వచ్చేశాను. అప్పటికే నాలుక ముదురు ఎరుపు, చొంగ జిగురులా సాగుతోంది, లేచి నిలబడితే కాళ్ళు తడబడుతున్నాయి. మామూలు నీళ్ళతో పొట్ట, పాదాలు తడిపి ఫ్యాను కింద పెట్టి ఆటోలో డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. బతికింది. ఐసు నీళ్ళు పోయకుండా మంచి పని చేశారు అన్నారు డాక్టర్ గారు.

అందుకని దుప్పటి మూడు వైపులే కప్పండి, వేసవిలో అదీ వద్దు. పడమటి కిటికీ పక్కన పెట్టకండి, ఇనప ట్రే ఎండకి పెనంలా కాలుతుంది. కరెంటు పోతే ఫ్యాను తిరిగేలా ఇన్వర్టర్ ఉండాలి, నీళ్ళు తీగకి తగిలించే గిన్నెలో పెడితే ఒలికిపోవు. బొచ్చు కత్తిరించమని డాక్టర్‌ని అడగండి.

తెనాలి వెళ్తామంటే ఇంకో మాట. కారులో వెళ్ళేటప్పుడు ఇదే క్రేట్ వెనక సీట్లో బెల్టుతో కట్టి పెట్టండి, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే బ్రేకు వేసినప్పుడు మీ చేతిలో ఆగదు. బయల్దేరేముందు రెండు మూడు గంటలు తిండి పెట్టకండి, వాంతి చేసుకుంటుంది. మేము సూర్యాపేట దగ్గర ఆపి నీళ్ళు పట్టి, పాస్ పోయించి మళ్ళీ ఎక్కిస్తాం. టీకి దిగినప్పుడు ఒకరు కారు దగ్గరే ఉండాలి, అద్దాలు మూసిన కారులో ఐదు నిమిషాలైనా వదలకండి. రైలంటే ఏసీ ఫస్ట్ క్లాసులో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేకపోతే బ్రేక్ వ్యానులో కుక్కల పెట్టెలో పంపాలి, ఆ చప్పుడులో ఈ చిన్న పిల్లని ఒంటరిగా పంపొద్దు.

లాబ్ నాన్న

అందరూ రాసింది చదివాను. మావాడికి ఇప్పుడు మూడేళ్ళు, క్రేట్‌లో అరవడు, కానీ వెళ్ళమంటే టేబుల్ కిందికి దూరతాడు, లాగి పెట్టాల్సిందే. అది మొండితనం అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. మూడేళ్ళ కుక్కకి కూడా ఆ జానెడు జానెడు పద్ధతి పనిచేస్తుందా?

నాలుగు కుక్కల ఇల్లు, మల్కాజిగిరి

చేస్తుందండీ. మా ఇంట్లో మూడోది వీధి నుంచి తెచ్చిందే, వచ్చేసరికే రెండేళ్ళపైన ఉంటుందన్నారు డాక్టర్. నెలన్నర పట్టింది. క్రేట్ తలుపే ఊడదీసి పక్కన పెట్టి మొదలుపెట్టండి. టేబుల్ కింద పడుకోవడం ఇష్టమైతే క్రేట్‌ని ఆ టేబుల్ కిందికే జరపండి.

జున్ను వాళ్ళిల్లు, నిజాంపేట

ఐదు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను, ఎలా ఉందో చెప్పమని ఇద్దరు ముగ్గురు అడిగారు.

వంటింటికి, హాలుకి మధ్య ఉన్న చోటులో కంచె పెట్టాం. వాచ్‌మన్ వాళ్ళావిడ పన్నెండింటికి, మూడింటికి వస్తోంది, నెలకి ఇంత అని మాట్లాడుకున్నాం, ఒక్క రోజు కూడా మానలేదు. క్రేట్ మా మంచం పక్కకి వచ్చేసింది, పగలు మళ్ళీ కంచెలోకి జరుపుతాం. మొదటి నాలుగు రోజులు జున్ను గుమ్మం మీద ముందు కాళ్ళు రెండూ పెట్టి, వెనక కాళ్ళు బయటే ఉంచి, మెడ సాగదీసి గిన్నె అందుకునేది. ఐదో రోజు మూడో కాలు లోపల పడింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూశాం, మావారు ఫోన్ తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

మధ్యలో ఒకసారి వెనక్కి పోయాం. మూడో వారంలో చుట్టాలొచ్చారు, వాళ్ళ బాబు సరదాకి తలుపు వేసేశాడు, అది లోపల ఉండగా. మళ్ళీ రెండు రోజులు దరిదాపులకి రాలేదు. మళ్ళీ గుమ్మం బయట గిన్నె దగ్గర్నుంచి మొదలుపెడితే ఈసారి మూడు రోజుల్లోనే దారికి వచ్చింది. ఇప్పుడు గడియ వేసి, నేను పక్క గదిలో కూర్చుంటే ఇరవై ఐదు నిమిషాలు ఉంటుంది. తాళం చెవుల చప్పుడికి ఇంకా లేచి కూర్చుంటుంది. ఆఫీసుకి వెళ్ళిన రోజుల్లో మాత్రం తలుపు మూయడం లేదు, కంచె చాలు. పాత ఫోన్ ఒకటి కెమెరాలా పెట్టాను, చూస్తే చాలావరకు నిద్రే.

రాత్రిళ్ళు ఒకసారి లేస్తోంది, మూడున్నర ఆ ప్రాంతంలో. బాల్కనీలో పని చూసుకుని తనే వచ్చి లోపలికి దూరి, బొంతని మూడుసార్లు తవ్వి, చుట్టూ తిరిగి, ముక్కు తీగల సందులోంచి నా వైపు పెట్టి పడుకుంటుంది. పక్కింటివాళ్ళు ఏమీ అనడం లేదు. గ్రూపులో ఆ పెద్దాయన లిఫ్ట్‌లో కనిపించి, ఈమధ్య చప్పుడు లేదేంటమ్మా, ఊరు పంపించేశారా అని అడిగారు.

మావారు 24 అంగుళాలది తెస్తానంటున్నారు. ఈ చట్రం అడ్డు పెట్టుకుని ఇదే వాడుకోవచ్చా, మార్చాలా అన్నది ఒక్కటే చెప్పండి. ఉగాదికి తెనాలి వెళ్తున్నాం, కారులో 36 అంగుళాలది పట్టేలా లేదు.

బెజవాడ ఎండ

ఇంట్లో ఇదే ఉంచండి, కారుకి 24ది తీసుకోండి. కొనగానే కారులో పెట్టేయకండి, ఈ పాత బొంత తీసి అందులో వేసి, ఓ పది రోజులు ఇంట్లోనే పక్కపక్కన పెట్టండి. ఉగాదికి ఇంకా టైముంది.